కంకర చప్పుడు

ఎల్డన్ రీమర్ దేన్ని సూటిగా చూస్తే అది కనిపించదు.

ఇది ఒక్కరోజులో వచ్చింది కాదు. మొదట పేపరులో అక్షరాలు పోయాయి. తరువాత గడియారం ముళ్ళు. ఆ తరువాత మనుషుల ముఖాలు. చూపు నడుమ బూడిద రంగు మచ్చ ఒకటి చేరింది. దాని చుట్టూ లోకం మామూలుగానే ఉంది.

"అంచులు మిగులుతాయి. నడుమే పోతుంది," అన్నాడు కళ్ళ డాక్టరు.

ఎల్డన్ టోపీ పెట్టుకుని లేచాడు.

అంచులు అతనికి కొత్త కాదు. బతుకంతా కౌంటీ వాళ్ళ గ్రేడరు నడిపాడు. ఆ యంత్రం పొట్ట కింద ఏటవాలుగా పొడవాటి ఇనప రేకు ఉంటుంది. దానితో కంకర దారులను గీకి, నడుమ కాస్త ఎత్తుగా, రెండు పక్కలా వాలుగా దిద్దాలి. నడుమ ఎత్తు లేకపోతే వాన నీరు నిలుస్తుంది. అంచు సరిగా లేకపోతే దారి పక్క గుంటలోకి జారిపోతుంది. కాన్సస్‌లో ఈ చెకుముకి రాళ్ళ కొండల మీద మన్ను బెత్తెడే, కింద అంతా రాయి. నాగలి దిగదు. అందుకే గడ్డి మిగిలింది. గడ్డి వల్ల పశువులు, పశువుల వల్ల మనుషులు. తెల్లటి కంకర దారులు కొండలెక్కి దిగి, ఆకాశంలోకి పోతున్నట్టుంటాయి. వాటిలో సగం ఎల్డన్ చేతి మీదుగా వెళ్ళినవే.

డ్రైవింగ్ లైసెన్సు లాగేసుకున్నాక అతను తన పికప్ ట్రక్కును పొరుగింటి లైల్ ప్రూయిట్ అల్లుడికి అమ్మేశాడు. మర్నాడు పొద్దున్నే లైల్ వచ్చి గేటు దగ్గర ట్రక్కు ఆపాడు.

"ఊళ్ళోకి పోతున్నా. ఎక్కుతావా?"

ఈ కొండల్లో సాయం చేస్తానని ఎవరూ అనరు. నేనెటూ అటే పోతున్నా అంటారు. ఎదుటివాడు ఎక్కుతాడు. అది అబద్ధమని ఇద్దరికీ తెలుసు. ఒకసారి, రెండుసార్లు అయితే చెల్లుతుంది. ఎల్డన్‌కు కావలసింది రోజూ, సరిగ్గా మధ్యాహ్నం భోజనం వేళకు. దూడలు పుట్టే కాలంలో, ఎండుగడ్డి కోసే కాలంలో, ఏ రైతూ రోజూ మధ్యాహ్నం ఊళ్ళోకి పోతున్నానని అబద్ధమాడలేడు.

ఊళ్ళో, పెద్దవాళ్ళను చూసుకునే ఆశ్రమంలో, అతని భార్య వెల్మా ఉంది.

వెల్మా మతి చెదిరి మూడో ఏడు. పేరు మరిచింది. ఇల్లు మరిచింది. ఎల్డన్‌ను మరిచింది. ఆశ్రమంలో పళ్ళెం ముందు పెడితే తల దించుకుని చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. ఎంత బతిమాలినా ముట్టేది కాదు. సూపు చల్లారిపోయేది. "ఈవిడకి ఆకలి చచ్చిపోయింది," అన్నారు నర్సులు. ఎల్డన్ మధ్యాహ్నం వచ్చి పక్కన కూర్చుంటే మాత్రం తినేది, రోజుకు ఆ ఒక్క పూటే. అతని చేత్తోనే తింటుందని అందరూ చెప్పుకున్నారు. "ప్రేమంటే అది," అని ఒకామె కళ్ళు తుడుచుకుంది.

అది ప్రేమో కాదో గాని, సంగతి వేరు.

రీమర్‌లు మెన్ననైట్ క్రైస్తవులు. వాళ్ళ ఇళ్ళల్లో భోజనం ముందు ప్రార్థన పైకి చెప్పరు. అందరూ తలలు దించుతారు. ఎవరి మాటలు వాళ్ళు లోపలే చెప్పుకుంటారు. ఆ నిశ్శబ్దం ముగిసిందని తెలియడానికి ఇంటి పెద్ద ఏదో ఒక చిన్న గుర్తు ఇస్తాడు. ఒకింట్లో దగ్గుతాడు. ఒకింట్లో కుర్చీ జరుపుతాడు. ఎల్డన్ చెంచాతో గిన్నె అంచు మీద రెండుసార్లు తట్టేవాడు. పెళ్ళయిన మొదటి పూట నుంచీ అంతే. వెల్మా తల ఎత్తేది, రొట్టె అందుకునేది.

ఇప్పుడు ఆమె అన్నీ మరిచింది గాని, ప్రార్థన ముగియకుండా తినకూడదన్నది మరవలేదు. ఆశ్రమంలో ఎవరూ తట్టరు. అందుకని ఆమె తల దించుకుని అలా కూర్చునే ఉండేది, ప్రార్థన ముగియని మనిషిలా.

ఎల్డన్ దీన్ని మొదటి వారంలోనే కనిపెట్టాడు. ఎవరికీ చెప్పలేదు. చెబితే ఎవరైనా తట్టవచ్చు. అప్పుడు తను రోజూ ఎందుకు రావాలి?

*

వసంతం రాగానే ఎక్కడెక్కడివాళ్ళో బిగుతు బట్టలు వేసుకుని, వంకర హ్యాండిల్ సైకిళ్ళతో ఈ కంకర మీద తొక్కడానికి వస్తారు. ధాన్యం కొట్టు దగ్గర పొద్దుట కాఫీ తాగే ముసలాళ్ళు వాళ్ళను చూసి నవ్వుకుంటారు. అలాంటి సైకిలు కొనడానికి ఎల్డన్ ఒకరోజు లైల్ ట్రక్కులో ఊళ్ళోకి వెళ్ళాడు.

సైకిళ్ళ కొట్టు నడిపేది టెస్ అనే అమ్మాయి. ముప్ఫై దాటి ఉంటాయి. చేతులకెప్పుడూ గ్రీజే.

"అన్నిట్లోకీ చవకది చూపించమ్మా," అన్నాడు.

"మనవడికా, రీమర్ గారూ?"

"నాకే."

వెనకనుంచి లైల్ అందుకున్నాడు. "బిగుతు లాగు కూడా ఒకటి కట్టివ్వు. ఆ కాళ్ళు చూస్తే కౌంటీలో ఆవులన్నీ పాలు మానేస్తాయి."

"నువ్వు కొనుక్కో. నీ పొట్టకి సరిపోయే లాగు కుట్టేవాడు ఇంకా పుట్టలేదు," అన్నాడు ఎల్డన్.

టెస్ నవ్వుతూ ఒక సైకిలు దింపింది. "అల్యూమినియం ఫ్రేము. గేర్లు, బ్రేకులు మామూలువే. టైర్లు కాస్త సన్నవి, గట్టివి. కంకర మీద చేతులు అదురుతాయి. ఏం ఫరవాలేదు, పోనుపోను ఒక్కోటీ మార్చుకోవచ్చు. ఫ్రేము మంచిదైతే చాలు."

"మంచిదేనా?"

"మనందరికన్నా ఎక్కువకాలం ఉంటుంది."

"అయితే ఇచ్చెయ్."

"బూడిద రంగుదా, ఆకుపచ్చదా?"

ఎల్డన్ సైకిలు పక్కనున్న గోడను చూశాడు. అలా చూస్తేనే అతనికి సైకిలు కనిపిస్తుంది. "ఏదైనా ఒకటేలే," అన్నాడు. మనిషికి సిగ్గనుకుంది టెస్. కళ్ళ సంగతి అతను చెప్పలేదు. ఆమె అడగలేదు. లైల్‌కు కూడా సగమే తెలుసు. చీకటి పడ్డాక చూపు ఆనదు, అందుకే లైసెన్సు పోయిందని చెప్పి ఉంచాడు.

ఇల్లు ఊరికి ఉత్తరాన ఉంది. మొదటి వారం దారి అంచులు చూసుకుంటూ తొక్కాడు. ఎడమ గుంట, కుడి గుంట. ఆ రెండూ సమానంగా కనబడుతుంటే తను నడుమ ఉన్నట్టు. రెండో వారానికి ఇంకొకటి తెలిసింది. దారి మాట్లాడుతుంది. ట్రక్కుల చక్రాలు నొక్కి నొక్కి గట్టిపడిన జాడలో పోతుంటే సన్నగా, ఒకే తీరున, జల్లెడలో గోధుమలు ఆడించినట్టు చప్పుడు. నడుమకు జరిగితే గులకరాళ్ళు ఎగిరి ఫ్రేముకు టంగుటంగుమని తగులుతాయి. అంచుకు జరిగితే, గ్రేడరు తోసిన వదులు కంకరలో చప్పుడు పళ్ళు కొరికినంత మొరటుగా ఉంటుంది. సగం దూరంలో పశువులు దాటకుండా దారికడ్డంగా పరిచిన ఇనప కడ్డీలు వస్తాయి. వాటి గడగడ వినగానే ఇంకా సగం ఉందని తెలుస్తుంది. తను ఏళ్ళ తరబడి గ్రేడరు ఇంజను హోరులో చేసిన దారిని ఎల్డన్ ఇప్పుడు మొదటిసారి వింటున్నాడు.

ఎండాకాలంలో వెనక చక్రానికి పెద్ద పళ్ళచక్రం వేయించాడు. కొండ ఎక్కడం తేలికైంది. శరత్కాలంలో హ్యాండిల్‌కు మెత్తటి పట్టీ రెండో చుట్టు. సీటు మారింది. వెనక ఎర్రలైటు వచ్చింది. లైల్ ఒక నారింజ రంగు జెండా తెచ్చి వెనక కర్రకు కట్టాడు.

ఇక్కడ ఎదురుపడిన ప్రతి బండివాడూ స్టీరింగు మీదనుంచి ఒక వేలెత్తి పలకరిస్తాడు. ఎత్తకపోతే కోపముందని అర్థం. ఎల్డన్‌కు ఎవరు ఎత్తారో కనబడదు. అందుకని ఇంజను చప్పుడు వినబడితే చాలు, చెయ్యెత్తేవాడు.

"నిన్న నా ట్రాక్టరుకి చెయ్యూపావు," అన్నాడు లైల్ కాఫీ బల్ల దగ్గర.

"అయితే ఏం?"

"అందులో నేను లేను. ఇంజను ఆపకుండా కంచె అవతల పైపు చూస్తున్నా."

అందరూ నవ్వారు. ఎల్డన్ కూడా నవ్వాడు.

ఆశ్రమంలో మధ్యాహ్నం భోజనాల గదిలో కిటికీ పక్క బల్ల వాళ్ళది. వెల్మా తల దించుకుని ఉండేది. అతను కూడా దించేవాడు. కాసేపటికి చెంచాతో గిన్నె అంచు మీద రెండుసార్లు తట్టేవాడు. ఆమె తల ఎత్తి నోరు తెరిచేది. నలిపిన బంగాళాదుంప, చికెన్ నూడుల్స్, చివరికి ఇంటినుంచి తెచ్చిన అడవి ప్లమ్ జామ్ ఒక చెంచా. ఆ పూట మొత్తం అతను కిటికీనే చూస్తూ తినిపించేవాడు. కిటికీ చూస్తే చూపు అంచున వెల్మా ముఖం నిలిచేది. ముఖం చూస్తే వెల్మా ఉండేది కాదు.

"ఎవరండీ మీరు? ఎప్పుడూ అటే చూస్తారేం?" అని అడిగేది ఆమె.

"గాలెలా ఉందో చూస్తున్నా."

"ఎలా ఉంది?"

"దక్షిణం గాలి."

"అయితే బట్టలు తొందరగా ఆరతాయి," అనేది ఆమె, తృప్తిగా.

*

చలికాలంలో ఎల్డన్ చేతులు మొద్దుబారసాగాయి. గట్టి టైర్ల అదురు మణికట్లలోకి ఎక్కింది. కాఫీ కప్పు పట్టుకుంటే తొణికేది. లైల్ అది చూశాడు. మార్చిలో, గొలుసు మార్చడానికి సైకిలు కొట్లో వదిలినప్పుడు, కాఫీ బల్లవాళ్ళు తలా కొంత వేసుకుని టెస్‌కు ఇచ్చారు.

సైకిలు తిరిగి తీసుకునేటప్పుడు టెస్ ముఖం వెలిగిపోతోంది. అది ఆమె గొంతులో తెలిసింది.

"ఒకసారి నొక్కి చూడండి టైర్లు."

నొక్కాడు. వెడల్పుగా, మెత్తగా, లోపల ట్యూబు లేకుండా, బొటనవేలికి లొంగాయి.

"ముల్లు దిగినా లోపల పోసిన జిగురు దానంతటదే చిల్లు మూసేస్తుంది. గాలి సగమే పెట్టా. ఇక దూదిమీద పోయినట్టే. డబ్బు అడక్కండి, ఎవరిచ్చారో చెప్పొద్దన్నారు."

"లైల్ వెధవ," అన్నాడు ఎల్డన్. "మంచిది. చాలా మంచిది."

ఊరు దాటి కంకర మీదికి రాగానే దారి మూగదైంది.

జాడ లేదు, నడుమ లేదు, అంచు లేదు. అన్నిచోట్లా ఒకే మెత్తటి సుయ్యిమనే ఊపిరి. ఇనప కడ్డీలు కూడా గడగడలాడలేదు, గొణిగాయి. చేతులు హాయిగా ఉన్నాయి. చెవులు ఖాళీగా ఉన్నాయి. ఎల్డన్ దిగి, సైకిలు పట్టుకుని కాసేపు నిలబడ్డాడు.

వెనక్కి వెళ్ళి పాతవి వేయమనవచ్చు. ఎందుకని అడుగుతారు. చెవులతో తొక్కుతున్నానని చెప్పాలి. చెబితే కళ్ళ సంగతి చెప్పాలి. అది తెలిశాక ఆ సైకిలు ఎక్కనిచ్చేవాళ్ళు కౌంటీలో ఎవరూ లేరు. పైగా, ఇచ్చినదాన్ని తిరిగి ఇవ్వడమనేది ఇక్కడ లేదు. ఎదుటివాడి చెంప మీద కొట్టినదానికన్నా అది ఎక్కువ.

గుంటలు కనబడుతున్నాయి కదా అనుకున్నాడు. ఎక్కి తొక్కాడు.

ఏప్రిల్‌లో ఇక్కడ గడ్డి కాలుస్తారు. పాత గడ్డి కాలితేనే కొత్తది లేస్తుంది. పెద్దల కాలం నుంచీ వస్తున్నదే. గాలి అనుకూలమని ఎవరో ఒకరు అనగానే పొరుగువాళ్ళంతా నీళ్ళ ట్యాంకులతో చేరతారు, కొండలకు కొండలు అంటిస్తారు. ఆ పొద్దున లైల్ కూడా తన పచ్చికకు నిప్పు పెట్టబోతూ ఫోను చేశాడు.

"ఇవాళ కదలకు. పొగ దారిమీదికి కొడుతుంది."

"ఎంతసేపట్లో?"

"మధ్యాహ్నానికి. గాలి మారేట్టుంది. రేపు నేనెటూ ఊళ్ళోకే పోతున్నా."

ఎల్డన్ సరేనన్నాడు. ఫోను పెట్టాడు. బల్ల ముందు కూర్చున్నాడు. భోజనాల గదిలో వెల్మా తల దించుకుని ఉంటుంది. సాయంత్రం కూడా అలాగే. ప్రార్థన ముగియదు.

జామ్ సీసా సంచిలో పెట్టుకుని బయలుదేరాడు.

ఇనప కడ్డీల దాకా బాగానే పోయాడు. తరువాత గాలి మారింది. పొగ ఎడమనుంచి వచ్చి ఎడమ గుంటను మింగింది. కుడిది కూడా పోయింది. ముందే నడుమ లేదు, ఇప్పుడు అంచులు పోయాయి. పాత టైర్లయితే కళ్ళు మూసుకునైనా వినేవాడు. ఎల్డన్ తల వంచి విన్నాడు. సుయ్యిమంటోంది, అంతే. జాడలోనే ఉన్నాననుకున్నాడు. వదులు కంకర ముందు చక్రాన్ని పక్కకు లాగేదాకా అదే అనుకున్నాడు.

నారింజ జెండాను లైల్ అల్లుడు చూశాడు. అది గుంటలో గడ్డిమీద పడి ఉంది. మంట ఇంకా అవతలి కంచె దగ్గరే ఉంది.

*

తుంటి ఎముక విరిగింది. దూరంగా పెద్ద ఊళ్ళో ఆసుపత్రి. ఆపరేషన్ అయిన మర్నాడు ఎల్డన్ ఆశ్రమానికి ఫోను చేయించుకున్నాడు. ఫోనులోకి వచ్చింది మరిసోల్. భోజనాల గదిలో పనిచేసే మెక్సికో అమ్మాయి, పెద్దవాళ్ళను తన భాషలో గౌరవంగా 'డాన్' అని పిలుస్తుంది.

"డాన్ ఎల్డన్! ఎలా ఉన్నారు? మేమంతా ఇక్కడ..."

"ఆమె తిన్నదా?"

"నీళ్ళు తాగింది. కాస్త. రేపు తింటుంది లెండి."

ఎల్డన్ పైకప్పును చూస్తూ పడుకున్నాడు. పైకప్పు నడుమ మచ్చ ఉంది.

"మరిసోల్, విను. పళ్ళెం పెట్టాక నువ్వు కూడా పక్కన కూర్చో. తల దించుకో. ఏమీ మాట్లాడకు. తినమనీ అనకు."

"ఎంతసేపు?"

"నువ్వు దేవుడితో రెండు మాటలు చెప్పుకునేంతసేపు. తరవాత చెంచాతో గిన్నె అంచుమీద తట్టు. రెండుసార్లు. గట్టిగా కాదు."

"అంతేనా?"

"అంతే."

"ఇంతకాలం ఎందుకు చెప్పలేదు, డాన్ ఎల్డన్?" అడిగిందామె. తప్పు పట్టినట్టు కాదు, మెల్లగా.

అతను ఫోను నర్సు చేతికిచ్చాడు.

సాయంత్రం కబురొచ్చింది. వెల్మా గిన్నె ఖాళీ చేసింది. ఎల్డన్ నర్సుతో మంచిదన్నాడు. గోడవైపు తిరగబోయాడు గాని తుంటి తిరగనివ్వలేదు.

నడక నేర్పి పంపేసరికి ఎండాకాలం సగమైంది. ఈలోగా కళ్ళ సంగతి, చెవులతో తొక్కిన సంగతి ఆసుపత్రి ద్వారా లైల్‌కు తెలిశాయి. లైల్ వచ్చి తీసుకువెళ్ళాడు. దారిలో ఒక్కసారిగా కక్కేశాడు.

"టైర్లు నా బుర్రలో పుట్టిన పీడ. గుడ్డోడివని చెప్పొచ్చుగా ముసలి గాడిదా!"

"నువ్వడగలేదుగా."

"అడిగితే చెప్పేవాడివా?"

"చెప్పేవాణ్ణి కాదు."

లైల్ ముక్కు చీదాడు. "పాతవి మళ్ళీ వేసేసింది ఆ పిల్ల. కొట్లో కూచుని ఏడ్చింది. సైకిలు మీ కొట్టంలోనే ఉంది. మళ్ళీ ఎక్కావంటే నేనే కాల్చిపారేస్తా."

"సరే."

"ఊళ్ళోకే కదా? నేనెటూ..."

"తెలుసు. పద."

భోజనం వేళకే చేరారు. కిటికీ పక్క బల్ల. వెల్మా తల దించుకుని ఉంది. ఆమెకు అటుపక్క మరిసోల్ కూర్చుని ఉంది. ఎల్డన్‌ను చూసి లేవబోయింది. అతను చెయ్యి అడ్డం పెట్టి, ఇటుపక్క కూర్చుని తల దించాడు. మరిసోల్ చెంచాను అతని చేతిలో పెట్టింది.

అతను గిన్నె అంచుమీద రెండుసార్లు తట్టాడు.

వెల్మా తల ఎత్తింది. మరిసోల్ వైపు తిరిగి నోరు తెరిచింది.

అతను చెంచా ఆమె పెదవుల దాకా తీసుకెళ్ళాడు. ఆమె కొత్తవాళ్ళను చూసినట్టు కాస్త వెనక్కి జరిగింది. పెదవులు మూసుకుంది. మళ్ళీ మరిసోల్‌నే చూసింది.

"అలవాటు తప్పింది, డాన్ ఎల్డన్," అంది మరిసోల్ కంగారుగా. "రెండ్రోజుల్లో మళ్ళీ మీ చేత్తోనే..."

"బువ్వ చల్లారుతుంది. నువ్వు పెట్టు," అన్నాడు ఎల్డన్. చెంచా ఇచ్చేశాడు.

రెండు రోజులు కాదు, చాలా రోజులు గడిచాయి. అలాగే ఉండిపోయింది.

ఆకులు రాలే వేళకు ఎల్డన్ కొట్టంలోంచి సైకిలు తీశాడు. లైల్ తిట్టాడు. కాల్చలేదు. తనకూ ఊళ్ళో పని ఉన్నట్టు, కంటికి ఆనేటంత దూరంలో ట్రక్కుతో వెనకే వచ్చేవాడు. ఎల్డన్ అది విన్నాడు. విననట్టే తొక్కాడు. గట్టి టైర్ల కింద దారి మళ్ళీ మాట్లాడింది. జల్లెడలో గోధుమలు. గడగడ. మళ్ళీ గోధుమలు.

రోజూ వెళ్ళాడు. ఇప్పుడు వెళ్ళవలసిన పని లేదు. కిటికీ పక్కన కూర్చుని తల దించేవాడు. మరిసోల్ తట్టగానే ఎత్తేవాడు. జామ్ సీసా మూత తీసి ఆమెకు అందించేవాడు. తరువాత కిటికీ వైపు తిరిగేవాడు. చూపు అంచున వెల్మా నములుతూ కనిపించేది. బుగ్గ మీద జామ్. కాస్త ఒళ్ళు చేసింది.

ఒక మధ్యాహ్నం ఆమె మరిసోల్ చెవి దగ్గరకు వంగింది. గుసగుసలాడాననుకుంది గాని గదంతా వినబడింది.

"పాపం, ఆయనెవరమ్మా? ఎవరూ లేరా ఆయనకి? ఎప్పుడూ అలా బయటికే చూస్తాడు."

మరిసోల్ ఎల్డన్‌ను చూసింది.

"గాలెలా ఉందో చూస్తున్నానండీ," అన్నాడు ఎల్డన్, కిటికీనుంచి చూపు మరల్చకుండా.

"ఎలా ఉంది?"

"ఉత్తరం గాలి."

"అయితే జాగ్రత్త," అంది వెల్మా. "ఇంటికి వెళ్ళేటప్పుడు ఎదురుగాలి కొడుతుంది."